ఉపాధ్యాయుని ప్రార్థన: పాలమూరు, నల్లగొండ సీమల సాక్ష్యము

మన వాఙ్మయమున శిష్యుడు గురువునకు మ్రొక్కుట సుపరిచితమైన విషయము. గురుస్తుతి లేని కావ్యావతారిక అరుదు. గురుశిష్యులిరువురు కలిసి వేడుకొనుటయు మనకు కొత్త కాదు. తమ్ము కాపాడుమనియు, తమ అధ్యయనము తేజోవంతమగుగాక యనియు, తమలో పరస్పరద్వేషము పొడసూపకుండుగాక యనియు ఉపనిషత్తుల శాంతిపాఠము కోరుచున్నది. కాని గురువు ఒంటరిగా శిష్యుని నిమిత్తము దైవమును వేడుకొనుట యెట్టిది? ఆ వేడికోలు ఆయన బోధనమును మార్చునా, లేక బోధనమందలి లోపమును కప్పిపుచ్చునా? ఈ ప్రశ్నను మన విమర్శకులు తరచుగా పట్టించుకొనలేదు. తెలుగు క్రైస్తవ వాఙ్మయమును, తెలుగు సీమలలో పుట్టిన క్రైస్తవ కథనములను ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారించుట ఈ వ్యాసోద్దేశము. పూర్వపు నల్లగొండ, మహబూబునగరు మండలములు ఇందులకు అనువైన క్షేత్రములని మా యభిప్రాయము.

క్షేత్ర పరిచయము

అమెరికను బాప్టిస్టు మిషనువారు 1885లో పాలమూరునను, 1890లో నల్లగొండయందును తమ స్థానములను నెలకొల్పిరి. నల్లగొండకు వచ్చిన ఏబ్రహాము ఫ్రీసెను దంపతులు అమెరికనులు కారు. రష్యాదేశపు మెన్నొనైటు సంఘములనుండి వచ్చినవారు. అటుపిమ్మట 1899లో అమెరికా మెన్నొనైటు బ్రదరను సంఘమువారు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. క్రమముగా నాగరుకర్నూలు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి మొదలగు చోట్ల వారి పని విస్తరించినది. 1937లో పాలమూరు, గద్వాల స్థానములు బాప్టిస్టులనుండి వీరికి సంక్రమించినవి. కతోలిక సంఘము విషయమున, నల్లగొండ 1976లో ప్రత్యేక మేత్రాసనమైనది. 2016, 2019 సంవత్సరముల పునర్విభజనలచే ఈ రెండు మండలములును పలు జిల్లాలైనను, సాహిత్య విచారమునకు పూర్వపు హద్దులే సౌకర్యముగా నున్నవి.

ఆ కాలమున ఆ రాజ్యమున రాజభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష ఉర్దూయే. తెలుగు పాఠశాల పెట్టుట ఒక యుద్యమముగా సాగవలసి వచ్చిన దినములవి. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా పాలమూరు సీమవాసి సురవరము ప్రతాపరెడ్డిగారు 354 కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. ఆ సంచిక చేసిన మేలు ఎనలేనిది. అయినను దాని కొలత పద్యము. పల్లెలో, ఊరికి వెలియైన వాడలో, చెట్టునీడనో గుడిసెలోనో పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించి సాయంకాలము కీర్తన పాడించిన మిషను ఉపాధ్యాయుడు ఆ కొలతకు అందడు. అతడు గ్రంథకర్త కాడు. అతని వాఙ్మయమంతయు అతని నోటిలోని ప్రార్థనయే.

పదముల విచారము

ఈ ఉపాధ్యాయుని పిలుచు పేర్లే మనకు మొదటి ఆధారములు. కతోలికుల తెలుగులో 'గురువు' అనగా దేవాలయమున పూజ నడుపు అర్చకుడు. ప్రొటెస్టంటుల తెలుగు బైబిలులో క్రీస్తును శిష్యులు 'బోధకుడా' యని సంబోధింతురు. సంఘకాపరిని విశ్వాసులు 'అయ్యగారు' అందురు. పల్లెలో బడి చెప్పువాడును, ఆదివారము వాక్యము చెప్పువాడును పెక్కుచోట్ల ఒకడే యగుటచే ఈ పేర్లు ఒకదానిలోనొకటి కలిసిపోయినవి. బడిపంతులు కాపరి యయ్యెను, కాపరి బడిపంతులయ్యెను.

ఈ కలయిక వలన మేలును కీడును రెండును కలిగినవి. అక్షరము చెప్పిన నోటనే ఆదరణవాక్యము వినిపించుట మేలు. అక్షరమునకు ప్రార్థన వెలగా మారు ప్రమాదము కీడు. మిషను బడులపై వచ్చిన ప్రధానాక్షేపమిదియే. బడి ఎరయా, లేక దానమా యని అడిగినవారు అందరును ద్వేషముచే అడిగినవారు కారు. ఈ ఆక్షేపమును తప్పించుకొని సాగు విమర్శ స్తోత్రమగును గాని విమర్శ కానేరదు.

ఆశ్చర్యమేమన, ఈ ప్రమాదమును గూర్చిన హెచ్చరిక ఆ మతగ్రంథమునందే యున్నది. మత్తయి సువార్తయందు క్రీస్తు తన శిష్యులను బోధకులని పిలిపించుకొనవలదనెను. వారందరికి బోధకుడొక్కడే యనియు, వారు సహోదరులనియు చెప్పెను. బోధకులకు కఠినతరమైన తీర్పు కలుగును గనుక అనేకులు బోధకులు కాగోరరాదని యాకోబు పత్రిక చెప్పుచున్నది. యోహాను సువార్తలో బోధకుడే శిష్యుల పాదములు కడుగును. ప్రార్థన విషయమున మత్తయి మరల కఠినుడు: వీథుల మూలలలో నిలిచి చేయవలదు, గదిలో తలుపు వేసికొని చేయవలెను. ఈ నాలుగు స్థలములను కలిపి చదివినచో తేలునది యొక్కటే. బోధకుని అధికారమును పెంచుటకు కాక, తగ్గించుటకే అతని ప్రార్థన విధింపబడినది. ఈ సూత్రమునే మేము కొలబద్దగా గ్రహించుచున్నాము.

కీర్తన: పల్లెబడి పాఠ్యగ్రంథము

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటము ప్రొటెస్టంటు గృహములందు బైబిలు పక్కనుండు గ్రంథము. అందు ప్రతి కీర్తనకు రాగతాళములు నిర్దేశింపబడియుండును. పల్లవి, అనుపల్లవి, చరణముల విభాగముండును. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు ఆ సంపుటమునకు ఆయువుపట్టు. రామదాసు కీర్తనలకు అలవాటుపడిన చెవికి వీరి కీర్తనలు పరాయివిగా వినిపింపవు. భక్తుని దైన్యము, దైవమును చనువుతో నిలదీయు పలుకు, తన దోషములను తానే ఎంచుకొనుట – ఇవన్నియు మన శతక, సంకీర్తన సంప్రదాయముల సొత్తే.

ఈ కీర్తనలను సంగీతరచనలుగా పరిశీలించినవారు కలరు. వీనిని బోధనసాధనములుగా పరిశీలింపవలసియున్నది. చదువురానివానికి పల్లవి మొదటి పాఠము. ఉపాధ్యాయుడు పాడును, పిల్లలు తిరిగి పాడుదురు. పల్లవి మాటిమాటికి తిరిగివచ్చుటచే కంఠస్థమగును. కంఠస్థమైన మాటను పుస్తకమున చూపినప్పుడు అక్షరము సులభముగా పట్టుబడును. ఇది పాఠకుల బోధనానుభవమునకు అందని విషయము కాదు.

ఇంతకన్న ముఖ్యమైన విషయము వ్యాకరణమునకు సంబంధించినది. ఈ ప్రార్థనలందు కర్త ఉత్తమపురుషైకవచనము: 'నేను'. పాపి నేను, దీనుడను నేను, రక్షింపవలసినది నన్ను. ఉపాధ్యాయుడు ఈ కీర్తనను పాడించునప్పుడు తానును ఆ 'నేను'లో చేరక తప్పదు. పద్యము చెప్పించునప్పుడు గురువు నీతి చెప్పువాడు, శిష్యుడు వినువాడు. సుమతి శతకమున బుద్ధి గరపు స్వరము పైనుండి వచ్చును. కీర్తనలోనన్ననో ఇరువురును ఒకే మెట్టుపై నిలిచి ఒకే దోషమును ఒప్పుకొందురు. వెలివాడ పిల్లవాడును, వానికి చదువు చెప్పు పంతులును ఒకే వాక్యమునకు కర్తలగుట ఆనాటి పల్లెయందు అల్పవిషయము కాదు.

అయితే దీనికొక మరుగు పార్శ్వము కలదు. లోకము అదివరకే నీచుడవని చెప్పిన బాలునిచేత 'నేను నీచుడను' అని పాడించుట ఎంతవరకు ఉచితము? రాజోద్యోగియైన రామదాసు పలికిన దైన్యమునకును, వెలివాడ బాలుని నోట బలికిన దైన్యమునకును భేదము కలదు. మొదటిది అహంకారమును విడుచుట. రెండవది, జాగ్రత్త పడనిచో, అవమానమును అంగీకరించుట. కీర్తన మాట ఒక్కటే. పాడువాని స్థితి వేరు. ఈ భేదమును గుర్తించిన ఉపాధ్యాయుడు దైన్యకీర్తనకు ముందు ఆదరణకీర్తనను నేర్పును. గుర్తింపనివాడు, ఎంత భక్తుడైనను, పిల్లవాని తలను మరికొంత వంచినవాడగును.

ఒంగోలు నిదర్శనము

ఇదే సంఘమువారి మరియొక స్థానమగు ఒంగోలునందలి వృత్తాంతము పోలికకు పనికివచ్చును. 1854 జనవరి 1వ తేదీన జ్యూయెటు దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండపై ప్రార్థించిరనుట సుప్రసిద్ధము. నేటికిని దానిని ప్రార్థన కొండ యనియే వ్యవహరింతురు. పిమ్మట వచ్చిన జాన్ క్లౌ దొర నడిపిన బడిలో అగ్రవర్ణ బాలురు చేరిరి. మాదిగలు క్రైస్తవులై రాదొడగగా, వారు వచ్చినచో మేముండమని అగ్రవర్ణములవారు తెలిపిరి. ఆ సంకటమున క్లౌ, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరవగా, దేవుడు లోకమున నీచులైనవారిని ఏర్పరచుకొనెనను కొరింథీ పత్రిక స్థలమే ఇద్దరికిని కనబడినదని క్లౌ ఆత్మకథనమున గలదు. వారు మాదిగలను విడువలేదు. అగ్రవర్ణములవారు వెడలిపోయిరి. 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందుట ఆ మార్గమునకు పర్యవసానము.

భక్తులు ఈ కథయందు అద్భుతమును చూతురు. విమర్శకుడు చూడవలసినది వేరు. ఈ కథలో ప్రార్థన ఉపాధ్యాయునికి తన బడిలో ఎవ్వరు కూర్చుండవలెనను ప్రశ్నకు సమాధానమిచ్చినది. ఆ సమాధానము ఆయనకు నష్టము కలిగించునది: పేరును, పలుకుబడిని తెచ్చు విద్యార్థులు పోయిరి. ప్రార్థన తన లాభమునకు విరుద్ధముగా పలికినప్పుడే అది తన కోరికకు ప్రతిధ్వని కాదని నమ్మవచ్చును. మా కొలబద్ద ఇచ్చట సార్థకమగుచున్నది.

ముచ్చింతల కథనము

ఇక మా సీమల కథనమునకు వత్తము. పాల్ హీబర్టు (1932–2007) ఈ ప్రాంతముననే పుట్టిన మెన్నొనైటు బ్రదరను మిషనరీ కుమారుడు. తానును ఇచ్చట పనిచేసి తరువాత మానవశాస్త్రజ్ఞుడుగా కీర్తి గాంచెను. పాలమూరు జిల్లాలోని కొండూరు గ్రామమును గూర్చి ఆయన రచించిన గ్రంథము 1971లో వెలువడినది. తన ప్రార్థనానుభవమునొకదానిని ఆయన పలు రచనలందు చెప్పుకొనెను. దాని సారమిది.

ముచ్చింతలలో మశూచి సోకినది. మైసమ్మ కోపించినదని సోదె చెప్పువాడు చెప్పగా దున్నపోతును బలి యిచ్చుటకు ఇంటింట చందా ఎత్తిరి. క్రైస్తవులు ఈయమనిరి. ఊరివారు వారికి బావినీరును, అంగడి సరకును ఆపిరి. ఇంతలో ఒక క్రైస్తవ బాలికకే మశూచి వచ్చినది. సంఘపు పెద్ద హీబర్టు కడకు వచ్చి, ప్రార్థించుటకు రావలెనని పట్టుబట్టెను. ఊరంతయు చూచుచుండగా ఆయన మోకరించెను. తాను బాల్యమున ప్రార్థన నేర్చినవాడు, వేదాంత కళాశాలలో దానిని చదివినవాడు, కాపరిగా దానిని బోధించినవాడు. అయినను ఆ క్షణమున మనస్సు కల్లోలమైనదని ఆయనయే ఒప్పుకొనెను. కొన్నాళ్లకు బాలిక మరణించినది. ఆయన క్రుంగిపోయెను. మరల వచ్చిన సంఘపు పెద్ద మాత్రము ధైర్యముగానుండెను. బ్రదికినచో ఊరివారు మన దేవుని శక్తిని ఒప్పుకొందురు గాని, ఆమె ఏనాటికైనను చనిపోవలసినదేయని వారెరుగుదురు. అంత్యక్రియలయందు మన పునరుత్థాన నిరీక్షణను చూచి ఇంతకన్న గొప్ప జయమును వారు చూచిరి – ఇది ఆయన మాటల తాత్పర్యము.

ఈ కథనమునందు మూడు విషయములు గమనింపదగినవి.

మొదటిది, స్థలము. మత్తయి చెప్పిన మూసిన గది ఇచ్చట లేదు. బహిరంగమున ప్రార్థన జరిగినది. అయినను ఇది డంబము కాదు. ఏలనన ఈ బహిరంగతను ఉపాధ్యాయుడు కోరుకొనలేదు; శిష్యుడు పిలిచెను. తన విద్య ఎచ్చట ముగియునో అందరి ఎదుట తెలియబడు స్థలమున ఆయన మోకరింపవలసి వచ్చెను. చూపించుకొనుటకు చేయు ప్రార్థనకును, బయటపడిపోవు ప్రార్థనకును భేదమిదియే.

రెండవది, పాత్రల తారుమారు. కథారంభమున హీబర్టు బోధకుడు, పెద్ద శిష్యుడు. కథాంతమున పెద్ద బోధించుచున్నాడు, హీబర్టు నేర్చుకొనుచున్నాడు. ఈ అనుభవము ఆయన పాండిత్యమునే మార్చినది. 1982లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున ఆయన, పాశ్చాత్య విద్యావంతుడు పైన దేవుని, క్రింద ప్రకృతిశాస్త్రమును మాత్రమే ఉంచుకొని, మధ్యనున్న గ్రామదేవతలు, సోదె, దిష్టి మొదలగు వానిని ప్రశ్నలుగానైనను గుర్తింపడనెను. శిష్యుల నిజమైన ప్రశ్నలు ఆ మధ్యభాగముననే యున్నవని ఆయన గ్రహించెను. ప్రార్థన ఉపాధ్యాయునికి సమాధానమీయలేదు. శిష్యుని ప్రశ్నను వినిపించినది.

మూడవది, ఈ కథనమునందలి లోపము. పెద్ద పలికినది తెలుగు. మనకు దక్కినది ఉపాధ్యాయుడు వ్రాసిన ఆంగ్లము. ఆయన ఏ మాట వాడెనో, ఏ యాసలో పలికెనో, నిరీక్షణ యనెనో, ఆశ యనెనో మనకు దక్కలేదు. శిష్యుని గొప్పతనమును చాటిన కథలో సైతము శిష్యుని భాష మిగులలేదు. ఉపాధ్యాయుని వినయము నిజమైనదే. ఆ వినయమును వ్రాసిన కలము మాత్రము ఆయనదే.

ఇచ్చట ఇంకొక హెచ్చరికయు అవసరము. భారతదేశమున మశూచి నిర్మూలితమైనట్లు 1977లో ధ్రువీకరింపబడినది. దానిని నిర్మూలించినది టీకా, ఇల్లిల్లు తిరిగిన సిబ్బంది శ్రమ. టీకా వేయువానికి దారి యిచ్చు ప్రార్థన వేరు, దారి మూయు ప్రార్థన వేరు. పాఠము సిద్ధపరచుకొనక ప్రార్థించి తరగతికి వచ్చు ఉపాధ్యాయునికిని ఇదే న్యాయము వర్తించును. ప్రార్థన శ్రమకు బదులు కాదు.

జాషువ: ఉపాధ్యాయుడగు కవి

కీర్తనకారులకును మిషనరీలకును అందని కోణమును చూపినవాడు గుఱ్ఱము జాషువ (1895–1971). ఆయన ఈ సీమలవాడు కాడు, వినుకొండవాడు. క్రైస్తవ కుటుంబమున పుట్టి, చిన్నజీతముపై పల్లెబడి పంతులుగా జీవితమారంభించి, గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమునను పనిచేసెను. 1941లో గబ్బిలమును ప్రకటించునాటికి చాల ఏండ్లుగా ఉపాధ్యాయుడు. ఆ కావ్యమున అస్పృశ్యుడొకడు తన మొరను కాశీనాథునికి చేర్చుమని గబ్బిలమును వేడుకొనును. మనుష్యునికి లేని ఆలయప్రవేశము గబ్బిలమునకు కలదు.

క్రైస్తవుడైన ఉపాధ్యాయుడు తన నాయకునిచే శివునికి మొర పెట్టించుట కొందరికి విపరీతముగా తోచినది. మాకట్లు తోచదు. కవి తన ప్రార్థనను నాయకుని నోట పెట్టలేదు. నాయకుని ప్రార్థనకు తన ఛందస్సునిచ్చెను. శిష్యుని నోటిలో తన మాటను పెట్టుట సులభము. శిష్యుని మొరకు తన విద్యను అరువిచ్చుట దుర్లభము. ఆయన 1958లో క్రీస్తు చరిత్రను రచించెను. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. తన విశ్వాసమును తన పేరున చెప్పుకొనుటకు ఆయనకు వేరు కావ్యము కలదు. గబ్బిలమున మాత్రము ఆయన పక్కకు తొలగి దారి యిచ్చెను. ముచ్చింతల కథనమున తప్పిపోయిన శిష్యుని స్వరము గబ్బిలమున వినబడుచున్నది.

నేటి సమస్య

ఈ విచారము పూర్వకథలతో ముగియదు. భారత రాజ్యాంగపు 28వ అధికరణము పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములందు మతబోధను నిషేధించినది. ప్రభుత్వ గుర్తింపుగాని సహాయముగాని పొందు ఇతర విద్యాలయములందు విద్యార్థి సమ్మతి లేనిదే, బాలుడైనచో సంరక్షకుని సమ్మతి లేనిదే, మతారాధనకు హాజరగుమని నిర్బంధింపరాదన్నది. 'శిష్యునితో' ప్రార్థించుటకు చట్టము హద్దు గీచినది. 'శిష్యుని కొరకు' ప్రార్థించుటకు హద్దు లేదు, ఉండజాలదు. ఈ హద్దు విశ్వాసికి నష్టమని మేమనుకొనము. మూసిన గదిని చూపిన సువార్తయు ఇదియే చెప్పినది.

మరియొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుననుసరించి షెడ్యూల్డు కులముల హోదా హిందువులకే పరిమితమైనది; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినది, క్రైస్తవులకు కాదు. క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున ఒక్క శాతము కోటాలో చేర్పబడిరి. అందుచే కాగితమున ఒక మతము, ఇంట ఒక ప్రార్థనగా బ్రదుకు కుటుంబములు కలవు. ఆ కుటుంబములనుండి వచ్చిన ఉపాధ్యాయునికి మూసిన గది ఐచ్ఛికము కాదు, అనివార్యము. అతని మౌనమును కపటమనుట తొందరపాటు. ప్రార్థన స్వేచ్ఛగా దాచుకొనునదైనప్పుడే దానికి సువార్త చెప్పిన విలువ. భయముచే దాచబడినప్పుడు ఆ తలుపును మూసినది అతడు కాడు. ఈ భేదమును మన సాహిత్యము ఇంకను తగినంతగా పలుకలేదు.

ఉపసంహారము

పై విచారమువలన మాకు తేలిన విషయములివి. ఉపాధ్యాయుని ప్రార్థన శిష్యునిపై అధికారముగా మారినచో అది బోధనమునకును భక్తికిని హాని. అది ఉపాధ్యాయుని శిష్యుని మెట్టుకు దింపినచో, ఆయన లాభమునకు విరుద్ధముగా పలికినచో, శిష్యుని ప్రశ్నను వినిపించినచో, అది విశ్వాసము లేనివారును గౌరవింపదగిన క్రమశిక్షణ. కీర్తన మొదటిదానికి, ఒంగోలు రెండవదానికి, ముచ్చింతల మూడవదానికి నిదర్శనములు. గబ్బిలము వీనినన్నిటిని మించిన పరీక్ష.

పరిశోధక విద్యార్థులకు ఇచ్చట పని కలదు. దేవరకొండ, నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతములలో పల్లెబడి పంతుళ్ల పిల్లలు, మనుమలు నేటికిని ఉన్నారు. ఆ పంతుళ్లు పాడించిన పాటలు, బడి మొదట చేసిన ప్రార్థనలు వారి జ్ఞాపకమున మిగిలియుండును. వానిని దిద్దక, గ్రాంథికము చేయక, పలికినవారి తెలుగులోనే సేకరింపవలెను. ముచ్చింతల పెద్ద మాటలు మనకు పోయినవి. తక్కినవారి మాటలు పోకుండ చూచుట తెలుగు శాఖల పని. ఆ పని చేయువాడు మొదట నేర్చుకొనవలసినది వినుట.